రైలొస్తే ఏటి ఒడ్డు ఊరు చచ్చిపోతుందా? (19వ శతాబ్దం ఇంగ్లండ్ మీద డౌట్లు)

కాచిగూడ_కథలు:

అందరికీ నమస్తే. పగలు ఆఫీసు, రాత్రి పిల్లలు పడుకున్నాక ఆడియో కథలు రాసుకోవడం, ఇదీ నా బతుకు. ఈసారి వచ్చిన పని కొంచెం తేడాగా ఉంది. 1840ల ఇంగ్లండ్‌లో నది ఒడ్డున ఒక చిన్న మార్కెట్ టౌన్, అందులో ఒక ధాన్యం వ్యాపారి ఇల్లు, మొత్తం పన్నెండు ఎపిసోడ్లు. ఇంగ్లండే ఎందుకయ్యా అంటే చేయించుకునేవాళ్ళు అదే అడిగారు, డబ్బులు వాళ్ళవి, మనదేం పోయింది అని ఒప్పేసుకున్నా, ఇప్పుడు కూర్చుని ఏడుస్తున్నా.

నా కథలో ఐదో ఎపిసోడ్‌లో ఊరికి రైలొస్తుంది. ఆరో ఎపిసోడ్ కల్లా పడవలన్నీ బురదలో కుళ్ళిపోయి, వ్యాపారి దివాలా తీసి, ఊరు సగం ఖాళీ అయిపోతుంది. మొన్న రాత్రి మా ఆవిడకి చదివి వినిపిస్తే ఒక్క మాటంది, "కాచిగూడకి స్టేషనొచ్చింది, మరి కాచిగూడ చచ్చిపోయిందా?" అని. నోట్లో ముద్ద నోట్లోనే ఆగిపోయింది నాకు.

రెండో డౌటు మార్కెట్ రోజు సీను గురించి. చిన్నప్పుడు మా నాన్నతో మలక్‌పేట గంజ్‌కి పోయిన గుర్తుతో రాసేశా, బస్తాలు దింపడం, నేల మీద కుప్పలు, హమాలీల కేకలు, వేలంపాట, తరుగు పేరు చెప్పి బస్తాకి ఇంత అని కోసేసే అడ్తీ సేటు. అక్కడా ఇంతేనా, లేక నేను మన గంజ్‌కే కోటూ టోపీ తొడిగి పంపించానా?

మూడోది, అసలు ఆ నది మీద రోజూ ఏం పని జరిగేదో నాకు బొమ్మ కట్టట్లేదు. పడవలొచ్చాయి, పడవలు పోయాయి అని ఎన్నిసార్లని రాస్తాం. తెలిసినవాళ్ళు చెప్పండి, తిట్టి చెప్పినా పర్లేదు.

మూసీగాలి:

అన్నా, వదిన మాట సగం కరెక్టు. నువ్వు ఊరి పేరు లేకుండ గాలిల రాస్తున్నవ్, అందుకే బొమ్మ కడ్తలేదు. ఒక నిజం ఊరు పట్టుకో. నేనైతే గెయిన్స్‌బరో అంట. లింకన్‌షైర్‌ల ట్రెంట్ నదికి తూర్పు ఒడ్డు మీద ఉంటది. సముద్రానికి మస్తు లోపట ఉన్నా గని పోటు నీళ్ళు ఊరు దాటి ఇంకా పైకి పోతయ్, అందుకే సముద్రం మీద తిరిగే ఓడలు గూడ అక్కడిదాంక వచ్చేటివి. అక్కడికెళ్ళి పైకి నది లోతు తక్కువ, చిన్న పడవలే పోవాలె. అంటే కలప, ఇనుము అసొంటి బయటి సరుకు పెద్దవాట్లకెళ్ళి చిన్నవాట్లకు, పైనకెళ్ళి వచ్చే స్టాఫర్డ్‌షైర్ పింగాణీ, బీరు, చీజు చిన్నవాట్లకెళ్ళి పెద్దవాట్లకు మార్చుడు. ఊరి బతుకుదెరువే ఈ మార్చుడు. మనోళ్ళు ఊరికెళ్ళి వచ్చి ఎంజీబీఎస్‌ల దిగి ఇంకో బస్సు ఎక్కుతరు సూడు, గట్ల.

వ్యాపారి ఇల్లు ఎట్ల రాయాలంటే, ముందల వీధి, ఎనుక గోదాము, గోదాము ఎనుక తలుపు తీస్తే నీళ్ళే. పైన గిలక, తాడు, బస్తాలు గాలిల ఊగుకుంట దిగుతుంటయ్. ఊళ్ళె 1791ల తెరిసిన రాతి వంతెన ఉన్నది, మూడు కమాన్లు, దాటాలంటే టోల్ కట్టాలె. ఆ టోల్ 1932 దాంక వసూలు చేసిన్రు. మన ఓఆర్‌ఆర్ టోలోళ్ళు ఇది సదవకపోతే మంచిది.

ఇగ రైలు. గెయిన్స్‌బరోకు 1849ల వచ్చింది, నీ కథకు సరిగ్గ అతుకుతది. మరి ఊరు చచ్చిందా అంటే చావలే. దానికి ఒక్క ఏడు ముందు, 1848ల, విలియం మార్షల్ అని ఒకాయన ఊళ్ళె మిల్లు సామాన్లు చేసే చిన్న కార్ఖానా కొన్నడు. కొడుకులతోని కలిసి స్టీమ్ ఇంజన్లు, బాయిలర్లు, వడ్లు నూర్చినట్టు గోధుమలు నూర్చే మిషన్లు చేసుడు షురూ చేసిండు, శతాబ్దం అయిపోయేటాల్లకు వేలమందికి అండ్లనే పని. అంత బొగ్గు, అంత ఇనుము రావాలన్నా, తయారైన ఇంజన్లు దేశాలు పట్టుకొని పోవాలన్నా రైలు ఉండాలె గదా. ముందుగాల దెబ్బ పడ్డది మనుషుల్ని ఎక్కించుకునే స్టీమర్లకు. 1810ల నడిమిట్లకెళ్ళే హల్ పట్నానికి గెయిన్స్‌బరోకు నడుమ స్టీమర్ తిరిగేది, పాసింజర్లు మెల్లమెల్లగ రైలు దిక్కు మళ్ళిన్రు. సరుకు బార్జీలైతే 20వ శతాబ్దంల గూడ నడిచినయ్. నీ పడవలు ఒక్క ఎపిసోడ్‌ల కుళ్ళిపోవుడు మాత్రం జర ఓవర్ అన్నా.

గోదారమ్మాయి_కేపీహెచ్‌బీ:

మూసీగాలి గారు అసలు సంగతిని "పోటు నీళ్ళు" అని ఒక్క ముక్కలో దాటేశారండి. మాది కోనసీమ, ఆటుపోట్లు మాకు కొత్త కాదు, కానీ ట్రెంట్‌లో వచ్చేది అలాంటిలాంటి పోటు కాదు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దదవుతుంది కదా, అందులోనూ మార్చి, సెప్టెంబరు నెలల చుట్టుపక్కల మరీ పెద్దది, అప్పుడు సముద్రం నీళ్ళు ఇరుకు నదిలోకి తోసుకొచ్చి గట్టులా లేచి నదికి ఎదురు పరిగెడతాయి. దాన్ని ఏగర్ అంటారు. ఒక్కోసారి ఐదడుగుల దాకా లేస్తుంది.

సీను ఇలా రాసుకోండి. నది మామూలుగా కిందకి పోతూ ఉంటుంది, ఒడ్డున బురద బయటపడి ఉంటుంది, కొంగలు తిరుగుతుంటాయి, అంతా నిశ్శబ్దం. దూరంగా హోరు. పడవల మీద నుంచి ఎవడో "వేర్ ఏగర్" అని గావుకేక పెడతాడు, ఏగరొస్తోంది కాచుకోండి అని. ఇక అందరూ గబగబా పడవల ముక్కులు దానికి ఎదురుగా తిప్పుకోవాలి, అడ్డంగా దొరికితే బోల్తాయే. అల దాటిపోయాక చూస్తే నది వెనక్కి నడుస్తూ ఉంటుంది, ఇందాక కిందకి పోయిన గడ్డిపరక ఇప్పుడు పైకి పోతూ ఉంటుంది. ఆ పోటు మీదే పడవలు పైకి ఎక్కేవి, పాటు మీద దిగేవి.

కాబట్టి కాచిగూడ గారూ, మీ వ్యాపారి "రేపు పొద్దున ఎనిమిదింటికి సరుకు పంపిస్తా" అని ఎవరికీ మాటివ్వడు, ఇవ్వలేడు. రేపు పోటు ఎప్పుడో చూసి చెప్తా అంటాడు. వేసవిలో పైన నీళ్ళు తక్కువైతే వారం పడుతుందంటాడు, చలికి నది గడ్డకడితే అదీ లేదంటాడు. రైలొచ్చాక అన్నిటికన్నా ముందు మారేది ఇదే, సరుకు ఎన్నింటికి చేరుతుందో నోటితో చెప్పగలగడం. పక్క దుకాణంవాడు టైము చెప్పి సరుకు తెప్పిస్తుంటే ఈయనింకా చందమామని చూస్తూ కూర్చుంటాడు. ఐదో ఎపిసోడ్‌కి ఇది చాలదూ, ఎవరూ చావక్కర్లేదు.

ఇంకోటి చెప్పకుండా ఉండలేను. ఆ పోటు నీళ్ళు ఒండ్రుతో కాఫీ రంగులో ఉంటాయి. ట్రెంట్ దిగువ రైతులు గట్టుకి తూములు పెట్టి ఆ నీళ్ళని కావాలనే పొలాల్లోకి వదిలి, ఒండ్రు కిందకి దిగాక తేట నీళ్ళు మళ్ళీ నదిలోకి పంపేసేవారు. ప్రతి పోటుకీ అలా చేస్తూ పోతే రెండు మూడేళ్ళకి పనికిరాని నేల మీద అడుగు, రెండడుగుల కొత్త మట్టి. వార్పింగ్ అంటారు దీన్ని. మా తాతయ్య వరదొచ్చి పోయాక ఒండ్రు ఎంత వేసిందో కర్రతో గుచ్చి చూసుకునేవారు, వీళ్ళేమో తూము తలుపెత్తి తెచ్చుకున్నారు, చూస్తే ఎంత కుళ్ళుకునేవారో.

వాసన కూడా పెట్టండి. బురద, తారు, మొలకెత్తించి వేయించే బార్లీ, అవిసె గింజలు ఆడించే నూనె మిల్లులు. ఊరంతా గానుగ వాసన.

లెక్కలసారు_రిటైర్డ్:

మార్కెట్ రోజు సంగతి ఎవరూ ఎత్తుకోలేదు కాబట్టి నేను చెప్తాను. బాబూ, మీ కుప్పలు, హమాలీలు, వేలంపాట తీసెయ్యండి. ఆ కాలానికి అక్కడ రైతు ధాన్యాన్ని బజారుకి మోసుకురావడం చాలావరకు మానేశాడు. జేబులో చిన్న గుడ్డసంచి, అందులో గుప్పెడు గోధుమలు, అంతే. వ్యాపారి వాటిని అరచేతిలో పోసుకుంటాడు, వేలితో కదుపుతాడు, వాసన చూస్తాడు, ఒక గింజ పంటి కింద పెట్టి కొరుకుతాడు, రేటు చెప్తాడు. చెయ్యీ చెయ్యీ కలిస్తే బేరం అయిపోయినట్టే. సరుకు తర్వాత రైతు కొట్టం నుంచి తిన్నగా గోదాముకి వెళ్తుంది. శతాబ్దం మధ్యకొచ్చేసరికి చాలా ఊళ్ళలో ఇందుకోసమే కార్న్ ఎక్స్ఛేంజ్ అని పెద్ద పెద్ద హాళ్ళు కట్టారు, వాటికి పైకప్పు అద్దాలతో వేసేవారు, ఎందుకంటే గింజ రంగు చూడాలంటే నెత్తి మీద నుంచి వెలుతురు పడాలి. మోసం అక్కడ లేదా అంటే ఎందుకు లేదు, చూపించిన గుప్పెడు ఒకటి, వచ్చిన బస్తా ఇంకొకటి. మీ అడ్తీ సేటు పాత్రని అక్కడ దింపుకోవచ్చు.

కొలతల గురించి జాగ్రత్త. అంతకుముందు ఊరికో బుషెల్ ఉండేది, మనకి కుంచం, మానిక, శేరు ఊరు దాటితే మారిపోయినట్టే. 1824లో చట్టం చేసి 1826 నుంచి దేశమంతా ఒకే ఇంపీరియల్ బుషెల్ అన్నారు, అన్నారే గానీ పాత అలవాటు ఒక్కసారిగా పోతుందా. గిన్నె మీద గోపురంలా పోసి కొలవాలా, అంచుకి కర్రతో గీసి కొలవాలా అనే తగువుంది చూశారూ, ఆ గోపురం కొలతని 1830ల మధ్యలో చట్టంతోనే తీసెయ్యాల్సి వచ్చింది. 8 బుషెళ్ళు ఒక క్వార్టర్. గోధుమలైతే ఇంచుమించు 220 కిలోలు. ధరలన్నీ క్వార్టర్‌కి ఇన్ని షిల్లింగులు అని రాయండి.

ఇక మీ దివాలా. 1815లో తెచ్చిన కార్న్ లా ప్రకారం దేశంలో క్వార్టర్ 80 షిల్లింగులు చేరేదాకా బయటి గోధుమని రానివ్వలేదు, 1828లో దాన్ని మార్చి ధరని బట్టి పెరిగే తరిగే సుంకం పెట్టారు, 1846లో చట్టాన్నే రద్దు చేశారు. సరిగ్గా ఆ తర్వాతి ఏడు, 1847 మే నెలలో, కరువు భయానికి క్వార్టర్ 100 షిల్లింగులు దాటింది. వ్యాపారులు ఇంకా పెరుగుతుందని అప్పులు చేసి విదేశీ సరుకు తెప్పించుకున్నారు. సరుకు ఓడల మీద ఉండగానే పంట బాగా పండుతోందని తెలిసింది, సెప్టెంబర్ కల్లా రేటు సగానికి పడింది, ఆగస్టు నుంచి ధాన్యం వ్యాపారులు పేకమేడల్లా వరసగా కూలారు. మీవాడిని ఇక్కడ ముంచండి. రైలు రావడానికి రెండేళ్ళ ముందే మునిగి, రైలొచ్చాక ఊళ్ళో అందరికీ "రైలు ముంచింది" అని చెప్పుకు తిరుగుతాడు. అలాంటివాళ్ళని నేను మా వీధిలోనే ఇద్దర్ని చూశాను.

మే నెల సంత కూడా వాడుకోండి. ఏడాది జీతానికి పాలేర్లని పెట్టుకునే సంత అది. గొర్రెల కాపరి టోపీకి ఉన్ని పోచ, బండి తోలేవాడైతే కొరడా తాడు పెట్టుకుని వరసగా నిలబడతారు. బేరం కుదిరితే చేతిలో ఒక నాణెం, మన బయానా అన్నమాట. ఇక సంవత్సరం లోపు మానేసి వెళ్తే అది నేరం, జైలుకి పంపొచ్చు, 1875 దాకా అంతే. యజమాని మాట తప్పితే మాత్రం జైలు లేదు, మహా అయితే సివిల్ దావా.

పద్మజ_తార్నాక:

ఇంతసేపటి నుంచి చదువుతున్నా, ఆ ఊళ్ళో ఆడవాళ్ళే లేరా ఏంటండీ? మార్కెట్ రోజు సగం బజారు వాళ్ళదే. రైతుల భార్యలు బుట్టల్లో వెన్న, గుడ్లు, కోళ్ళు పట్టుకుని పల్లెల నుంచి బండ్లలో వచ్చేవాళ్ళు. వెన్న ముద్దల్ని తడిగుడ్డలో చుట్టి తెస్తారు, కొనేవాళ్ళు గోరుతోనో చెంచాతోనో కొంచెం గీకి రుచి చూస్తారు. ఆ డబ్బు మామూలుగా ఆవిడ చేతిలోనే ఉంటుంది, ఇంట్లోకి టీ, పంచదార, పిల్లల బూట్లు దాంతోనే. కానీ చట్టం ప్రకారం పెళ్ళైన ఆడదాని సంపాదన మొగుడిది. 1870లో చట్టం మారాకే తన సంపాదన తనదైంది, ఆస్తి మొత్తం మీద హక్కు 1882లో. మీ వ్యాపారి దివాలా తీసినప్పుడు వాళ్ళావిడ దాచుకున్న వెన్న డబ్బులకి కూడా అప్పులవాళ్ళు వస్తారు. రాయండి అది, ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు.

కాచిగూడ_కథలు:

మీ అందరికీ ఒక్కో ఇరానీ చాయ్ బాకీ. పద్మజ గారూ, మీ మెసేజ్ మా ఆవిడకి చూపించా, పొరపాటు చేశా, ఇప్పుడు వెన్న అమ్మే ఆవిడే హీరోయిన్ కావాలంటోంది. లెక్కల సార్, 1847 దెబ్బ అద్దిరిపోయింది, అదే పెడుతున్నా. ఒక్కటి మాత్రం తేలట్లేదు. అంటే రవాణా మారి నిజంగా దెబ్బతిన్న ఏటి ఒడ్డు ఊరు ఒక్కటీ లేదా? నా ఐడియా మొత్తం తప్పేనా?

మూసీగాలి:

ఉంది అన్నా, బ్యూడ్లీ. సెవర్న్ నది మీద. గని దాన్ని కొట్టింది రైలు కాదు, కాలువ. ఒకప్పుడు మస్తు పెద్ద రేవు, పడవల్ని ఒడ్డు మీదికెళ్ళి తాడు కట్టి మనుషులే గుంజేటోళ్ళు, గుంపులు గుంపులు, మోటు మనుషులు, తాగి కొట్లాడుడుల ఫస్టు. 1772 నాటికి కొత్త కాలువ తెచ్చి బ్యూడ్లీకి దిగువన స్టౌర్‌పోర్ట్ కాడ నదిల కలిపిన్రు. సరుకంత అటు మళ్ళింది, స్టౌర్‌పోర్ట్ అనేది ఆ కాలువ వల్లనే పుట్టి పెరిగిన ఊరు. బ్యూడ్లీల వ్యాపారం ఏండ్లకేండ్లు మెల్లగ సన్నబడ్డది. రైలు వచ్చింది 1862ల, అప్పటికే అయ్యేదంత అయిపోయింది. ఊరు ఖాళీ కాలే, పెరుగుడు ఆగింది, గంతే. ఇప్పుడు ఆ పాత ఇండ్లు అట్లనే ఉన్నయని టూరిస్టులు పోతున్నరు. నీకు చచ్చిన ఊరే కావాలంటే కథను డెబ్బై ఏండ్లు ఎనుకకు జరుపుకో.

ఇంజన్_కాకా:

తమ్మీ, నాకు కథలు గిథలు తెల్వదు గని గెయిన్స్‌బరో పేరు సూడంగనే పానం లేచొచ్చింది. మా బాపు రోడ్డు ఇంజన్ తోలేటోడు, స్టీమ్‌ది, బొగ్గు ఏసి నడిపేది. 1970ల మాట. నేను అన్నం గిన్నె పట్కపోతే ఇంజన్ పక్కపొంటి కూసోబెట్టుకునేటోడు. దాని మీద ఇత్తడి ప్లేటు, మార్షల్ సన్స్ అండ్ కో, గెయిన్స్‌బరో, ఇంగ్లండ్ అని రాసి ఉండేది. బాపుకు సదువు రాదు. ఎవరో సదివి చెప్తే గెయిన్స్‌బరో అంటే అది చేసిన దొర పేరనుకున్నడు. తర్వాత అది గూడ నోరు తిరగక "గైన్‌బర్రె" అని పిలుసుడు షురూ చేసిండు. నల్లగ ఉంటది, పొగ బుసకొడ్తది, మెల్లగ నడుస్తది, నీళ్ళు దండిగ తాగుతది, బర్రె కాక మరేంది అనేటోడు. బస్తీల పోరగాండ్లంత గైన్‌బర్రె వచ్చిందిరో అని ఎంబడి ఉరికేటోళ్ళం.

అస్సాంల తేయాకు నలిపే మిషన్లు గూడ ఆ కార్ఖానాకెళ్ళే వచ్చినయట, ఆ మిషన్ కనిపెట్టిన విలియం జాక్సన్ అనేటాయన వాళ్ళతోనే చేయించిండట. నువ్వు తాగే చాయ్ ఎనుక గూడ ఆ ఊరు ఉన్నట్టే. నా కొడుకు నెట్‌ల సూసి చెప్పిండు, ఇప్పుడా కార్ఖానా జాగల షాపింగ్ కాంప్లెక్స్ అయ్యిందట, 2007ల తెరిసిన్రట, పేరు మాత్రం మార్షల్స్ యార్డ్ అనే ఉంచిన్రట.

గోదారమ్మాయి_కేపీహెచ్‌బీ:

గైన్‌బర్రె!! కాకా, పొద్దున్నే మెట్రోలో ఒక్కదాన్నే నవ్వుతుంటే పక్కావిడ భయపడి లేచి వెళ్ళిపోయింది.

కాచిగూడ_కథలు:

కాకా, ఆ ప్లేటు ఫోటో ఏమన్నా ఉందా? పోస్టర్‌కి వాడుకుంటా, మీ బాపు పేరేసి.

ఇంజన్_కాకా:

యాడిది తమ్మీ. బాపు రిటైరైనంక ఆ ఇంజన్‌ను చెట్టు కింద ఇడిసిపెట్టిన్రు, నాలుగైదేండ్లు అట్లనే తుప్పు పట్టుకుంట ఉన్నది. ఒక దినం పోయి సూస్తే ప్లేటు లేదు, నాలుగు బోల్టు బొక్కలే ఉన్నయ్. ఇత్తడి గదా.